31 వాట్లలో రెండు కోర్‌లు

2006 జనవరిలో ఇంటెల్ విడుదల చేసిన కోర్ డ్యుయో చిప్‌లలో అన్నిటికన్నా పైది టీ2600. దాని క్లాక్, అంటే చిప్ పనిచేసే లయ, 2.16 గిగాహెర్ట్జ్. అంతకు ఆరు నెలల ముందు వచ్చిన పెంటియం ఎం 780ది 2.26 గిగాహెర్ట్జ్. అంటే క్లాక్ లెక్కలో కొత్త చిప్ పాతదానికన్నా వెనకబడే ఉంది. గిగాహెర్ట్జ్ అంకె చూసి కంప్యూటర్ కొనే అలవాటు బలంగా ఉన్న రోజుల్లో ఒక కంపెనీ తన కొత్త ల్యాప్‌టాప్ చిప్‌ను క్లాక్ తగ్గించి తెచ్చిందంటే వెనక గట్టి కారణం ఉండాలి. ఆ కారణం వేడి. డ్యుయల్ కోర్ ల్యాప్‌టాప్‌ల (ఒకే చిప్‌లో లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్‌లు, రెండున్నవాటి) గురించిన మంచిచెడ్డలన్నీ ఆ వేడి లెక్కలోంచే బయలుదేరతాయి.

పెంటియం 4ను ఇంటెల్ గీసిందే ఎక్కువ క్లాక్ కోసం. తయారీలో గీతల కొలత 90 నానోమీటర్లకు దిగేసరికి ట్రాన్సిస్టర్లు ఆఫ్‌లో ఉన్నా కరెంటు కారిపోవడం బాగా పెరిగింది. దాని తరవాతి తరంగా అనుకున్న తేజస్‌ను 2004 మేలో ఆపేశారు. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామన్న మాటను అదే ఏడాది అక్టోబరులో వెనక్కి తీసుకున్నారు. ల్యాప్‌టాప్‌ల కోసం అమ్మిన మొబైల్ పెంటియం 4లలో పైరకాల వేడి పరిమితి 88 వాట్లు. మామూలు ఆరు సెల్‌ల బ్యాటరీలో ఉండేది సుమారు 48 వాట్-అవర్‌లు. ప్రాసెసర్ ఒక్కటే పూర్తి లోడ్‌లో లాగితే, తెరనూ డిస్క్‌నూ పక్కన పెట్టినా, ముప్పై మూడు నిమిషాల్లో బ్యాటరీ ఖాళీ.

ఇంటెల్‌కు అప్పటికే ఇంకో దారి చేతిలో ఉంది. ఇజ్రాయెల్‌లోని హైఫా బృందం పెంటియం 3 పునాది మీద 2003లో పెంటియం ఎం చేసింది. తక్కువ క్లాక్‌లో ఎక్కువ పని చేయించడం దాని పద్ధతి. దాని రెండో రూపం డోథాన్, 533 మెగాహెర్ట్జ్ బస్ (చిప్‌ను మెమరీతో కలిపే దారి) రకంలో, 27 వాట్లలో ఇమిడింది. అదే బృందం తరవాత చేసిన చిప్‌కు లోపలి పేరు యోనా. మనకు తెలిసిన పేరు కోర్ డ్యుయో. వేడి పరిమితి 31 వాట్లు. కోర్‌లు రెండైనా పెరిగింది నాలుగు వాట్లే.

ఇదెలా సాధ్యమైందో చిన్న లెక్కతో తేలిపోతుంది. చిప్ పని చేస్తున్నప్పుడు తినే కరెంటు స్థూలంగా ఫ్రీక్వెన్సీకీ, వోల్టేజీ వర్గానికీ అనుపాతంలో ఉంటుంది. ఒక కోర్ ఖర్చు 100 అనుకుందాం. దాని క్లాక్‌ను 20 శాతం పెంచాలంటే వోల్టేజీని 15 శాతం పెంచాల్సి వచ్చిందనుకోండి. 1.2 × 1.15 × 1.15, అంటే ఖర్చు 159కి చేరుతుంది. ఇరవై వంతుల వేగానికి యాభైతొమ్మిది వంతుల ఖర్చు. ఇప్పుడు అదే కోర్‌ను 80 శాతం క్లాక్‌కు, 85 శాతం వోల్టేజీకి దింపి, అలాంటివి రెండు పెడితే: 2 × 0.8 × 0.85 × 0.85, అంటే 116. పదహారు వంతుల అదనపు ఖర్చుకు, పని రెండుగా విడగొట్టగలిగితే, అరవై వంతుల అదనపు సామర్థ్యం. వోల్టేజీ వర్గం అవుతుందన్న ఒక్క ముక్కలోనే డ్యుయల్ కోర్ ఆర్థికం అంతా ఉంది. దీనికి తోడు 65 నానోమీటర్ల తయారీ వచ్చింది కాబట్టి క్లాక్‌ను అంతగా కోసెయ్యాల్సిన పని కూడా పడలేదు.

ఒకే గదిలో ఇద్దరు

డెస్క్‌టాప్‌లకు రెండు కోర్‌లు 2005 మేలోనే వచ్చాయి. ఇంటెల్ పెంటియం డి, ఏఎండీ అథ్లాన్ 64 ఎక్స్2. డెస్క్‌టాప్ చిప్‌నే తెచ్చి ల్యాప్‌టాప్ పెట్టెలో బిగించిన బరువైన మోడళ్లు కూడా కొన్ని ఆ ఏడాదే అమ్మకానికి వచ్చాయి. ఒడిలో పెట్టుకోవడానికి పనికొచ్చేవి కావవి. పెంటియం డి నిర్మాణం చూస్తే తొందరలో పక్కపక్కన అతికించిన రెండు పెంటియం 4లే. ఒక కోర్ దగ్గరున్న సమాచారం రెండో కోర్‌కు కావాలంటే చిప్ దాటి బయటి బస్ మీదుగా తిరిగి రావాలి. పక్కింటివాళ్లు గోడకు తలుపు లేక వీధి చుట్టి వచ్చినట్టు.

యోనాలో రెండు కోర్‌లకూ కలిపి ఒకే 2 మెగాబైట్ల ఎల్2 కాష్ (చిప్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ). ల్యాప్‌టాప్‌లో దీని విలువ ఎక్కువ. ఒక కోర్ నిద్రలో ఉంటే 2 మెగాబైట్లూ రెండోదానివే. ఒక పనిని ఆపరేటింగ్ సిస్టమ్ ఈ కోర్ నుంచి ఆ కోర్‌కు మార్చినా దాని డేటా అక్కడే ఉంటుంది, మళ్లీ ర్యామ్ దాకా పోనక్కర్లేదు. ర్యామ్‌కు వెళ్లే ప్రతి ప్రయాణమూ బ్యాటరీ ఖర్చే కాబట్టి ఇది వేగంతో పాటు పొదుపు కూడా.

చిప్ సైజులో కూడా కాష్‌దే పెద్ద వాటా. యోనాలో మొత్తం 15.16 కోట్ల ట్రాన్సిస్టర్లు. కాష్‌లో బిట్‌కు ఆరు ట్రాన్సిస్టర్ల చొప్పున లెక్కేస్తే 2 మెగాబైట్లకే పది కోట్లు దాటతాయి. రెండు కోర్‌లూ, వాటి ఎల్1 కాష్‌లూ, బస్ సర్క్యూట్లూ అన్నీ కలిసి మిగతా అయిదు కోట్లలో సర్దుకున్నాయి. చిప్ వైశాల్యం 90 చదరపు మిల్లీమీటర్లు, బొటనవేలి గోరంత. చిన్న చిప్ అంటే ఒక్కో వేఫర్ (చిప్‌లు తయారయ్యే సిలికాన్ పళ్లెం) మీద ఎక్కువ చిప్‌లు, తక్కువ ధర. ఒక కోర్ ఆపేసి కోర్ సోలో పేరుతో అమ్మిన రకం త్వరగానే మరుగున పడిపోయింది. రెండు కోర్‌ల చిప్ చెయ్యడం ఇంత చౌకయ్యాక ఒక కోర్‌ది ఎవరికి కావాలి?

బలహీనత బస్‌లో ఉంది. రెండు కోర్‌లూ మెమరీని చేరడానికి ఒకటే ద్వారం, 667 మెగాహెర్ట్జ్ ఫ్రంట్ సైడ్ బస్. 8 బైట్ల వెడల్పు చొప్పున సెకనుకు దాదాపు 5.3 గిగాబైట్లు. డీడీఆర్2-667 ర్యామ్ ఒక్క స్టిక్‌ కూడా సరిగ్గా అంతే ఇస్తుంది. కనుక రెండు స్టిక్‌లు పెడితే ప్రాసెసర్ వేగం రెట్టింపవుతుందనుకోవడం పొరపాటు; బస్ దగ్గరే గొంతు నొక్కుకుపోతుంది. గ్రాఫిక్స్ కార్డు విడిగా లేని 945జీఎం చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను ర్యామ్‌తో, మిగతా భాగాలతో కలిపే చిప్‌ల జత) మెషిన్లలో మాత్రం రెండు స్టిక్‌లు పనికొస్తాయి. అందులోని జీఎంఏ 950 గ్రాఫిక్స్ కూడా అదే ర్యామ్‌ను వాడుకుంటుంది, దాని రాకపోకలు ఈ బస్ మీద పడవు. అందుకే ఆ మెషిన్లలో ఒక 1 గిగాబైట్ స్టిక్ కన్నా రెండు 512లు మెరుగు.

నిద్రలోనే పొదుపు

ల్యాప్‌టాప్ ప్రాసెసర్ బతుకులో ఎక్కువ భాగం ఎదురుచూపే. ఒక అక్షరం టైప్ చేశాక ఇంకో అక్షరం వచ్చేలోపు కోట్ల క్లాక్‌లు గడిచిపోతాయి. ఆ విరామంలో చిప్ ఎంత లోతుగా నిద్రపోతుందన్న దాని మీదే బ్యాటరీ ఆధారపడుతుంది. ఈ నిద్రకు మెట్లున్నాయి. సీ1లో కోర్ పని ఆపుతుంది, సీ3కి వచ్చేసరికి క్లాకే ఆగుతుంది, సీ4లో వోల్టేజీ దిగుతుంది. యోనా ఇంకో మెట్టు కిందికి పోయింది: కాష్‌లో ఉన్నదాన్ని ర్యామ్‌లోకి దించేసి, వోల్టేజీని ఇంకా తగ్గించేస్తుంది. పని ఉన్నప్పుడు కూడా అవసరం లేకపోతే 667 బస్ రకాలు 1 గిగాహెర్ట్జ్‌కు దిగి నడుస్తాయి.

కోర్‌లు విడివిడిగా నిద్రపోగలవు. కానీ వోల్టేజీ సరఫరా, క్లాక్ రెండిటికీ ఒక్కటే. ఒక కోర్ గాఢనిద్రకు సిద్ధమైనా, రెండోది మేలుకుని ఉంటే వోల్టేజీ దిగదు. ఈ చిన్న సంగతి తెలియక చాలామంది బ్యాటరీ పోగొట్టుకున్నారు. ఎలాగంటే: ఒక ప్రోగ్రామ్ ఎక్కడో లూప్‌లో చిక్కుకుపోయిందనుకోండి. సింగిల్ కోర్ మెషిన్‌లో అయితే మిగతా పనులన్నీ మొరాయిస్తాయి, వెంటనే తెలిసిపోతుంది. డ్యుయల్ కోర్‌లో ఆ ప్రోగ్రామ్ ఒక కోర్‌ను మాత్రమే మింగుతుంది; రెండో కోర్ మీద మిగతా పనులు హాయిగా సాగుతుంటాయి. వాడేవారికి ఏ లోటూ కనిపించదు. ఫ్యాన్ మాత్రం ఆగకుండా తిరుగుతుంటుంది, మూడు గంటలు రావలసిన బ్యాటరీ గంటన్నరకే అయిపోతుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ఏ పనీ చెయ్యని వేళ సీపీయూ గీత 50 శాతం దగ్గర బల్లపరుపుగా నిలబడి కనిపిస్తుంది. రెండు కోర్‌ల మెషిన్‌లో ఖాళీగా ఉన్నప్పుడు 50 కనిపిస్తే అది సగం లోడ్ కాదు, ఒక కోర్ పూర్తిగా చిక్కుకుందని అర్థం. ప్రాసెసెస్ ట్యాబ్‌లో సీపీయూ వరస మీద నొక్కి పేర్చుకుంటే 50 దగ్గరున్న పేరు పైకొస్తుంది.

తొలి నెలల్లోనే ఇలాంటిది ఇంకోటి బయటపడింది. విండోస్ ఎక్స్‌పీలో యూఎస్‌బీ 2.0 పరికరం తగిలిస్తే కొత్త మెషిన్ల బ్యాటరీ అనుకున్నదానికన్నా చాలా త్వరగా తగ్గిపోయేది. తప్పు చిప్‌లో లేదు. యూఎస్‌బీ కంట్రోలర్ తన పనుల పట్టిక కోసం ర్యామ్‌ను పదేపదే చూస్తుంది. చూసిన ప్రతిసారీ ఆ సమాచారం తాజాదేనా, లేక ప్రాసెసర్ కాష్‌లో ఇంకా కొత్తది ఉందా అని సరిచూసుకోవాలి, అందుకు ప్రాసెసర్ మేలుకోవాలి. పరికరం ఖాళీగా ఉన్నా విండోస్ డ్రైవర్ ఆ పట్టికను ఆపేది కాదు కాబట్టి చిప్ సీ3 మెట్టు దిగేదే కాదు. సమస్య తమ వైపు ఉందని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. ఎక్స్‌పీ మెషిన్ బ్యాటరీ మీద నడిచేటప్పుడు వాడని యూఎస్‌బీ మౌస్, వెబ్‌క్యామ్, పెన్‌డ్రైవ్ తీసి పక్కన పెట్టడమే తేలికైన ఉపాయం.

నిద్రకు సంబంధించిందే సన్నని కీచు శబ్దం కూడా. చిప్ సెకనుకు వందల సార్లు సీ4లోకి పోయి లేస్తుంటే, వోల్టేజీ ఇచ్చే కాయిల్‌లూ కెపాసిటర్లూ అదే లయలో కంపిస్తాయి. నిశ్శబ్దమైన గదిలో దోమ రొదలా వినిపిస్తుంది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఎక్కువ, చిప్‌కు ఏదైనా పని తగిలితే మాయం. సీ4ను ఆపేస్తే శబ్దం పోతుంది కానీ బ్యాటరీ సమయం తగ్గుతుంది. ఇది చెడిపోతున్న లక్షణం కాదు కాబట్టి దీని కోసం మదర్‌బోర్డు మార్పించడం డబ్బు దండగ.

రెట్టింపు వేగం ఎక్కడ, ఎంత

ఒకే థ్రెడ్‌తో, అంటే పనులన్నీ ఒకే వరసలో ఒకదాని తరవాత ఒకటిగా, నడిచే ప్రోగ్రామ్‌కు రెండో కోర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. 2006లో మామూలు ప్రోగ్రామ్‌లలో అధికభాగం అలాంటివే. ఒక పనిలో విడగొట్టగలిగిన భాగం ఎంతో దాన్ని బట్టే లాభం. పనిలో 90 శాతం రెండుగా చీలితే, మిగిలిన 10 శాతానికీ చీలినదాని సగం 45 కలిపి 55; అంటే 1.82 రెట్ల వేగం. 60 శాతమే చీలితే 40కి 30 కలిపి 70, అంటే 1.43 రెట్లు. వీడియో ఎన్‌కోడింగ్, త్రీడీ రెండరింగ్ మొదటి కోవకు చెందినవి. పెద్ద సాఫ్ట్‌వేర్‌ను కంపైల్ చెయ్యడం ఇంకా తేలిక, ఎందుకంటే ఫైళ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కంపైల్ అవుతాయి; లినక్స్‌లో మేక్ ఆజ్ఞకు ఒకేసారి రెండు మూడు పనులు నడపమని చెబితే చాలు. ఒక పని డిస్క్ కోసం ఆగినప్పుడు ఖాళీ రాకుండా ఉండటానికి కోర్‌ల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ, అంటే మూడు ఇవ్వడం మంచిది.

మామూలు వాడకందారుకు రెండో కోర్ ఇచ్చిన వరం మాత్రం వేరు. యాంటీవైరస్ స్కాన్ నడుస్తుండగా ఉత్తరం టైప్ చేస్తే అక్షరాలు వేలి వెంటే తెర మీద పడటం, సీడీ రైట్ అవుతుండగా పాట తడబడకపోవడం. సింగిల్ కోర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ రెండు పనులకు వంతులు వేసి కొన్ని మిల్లీసెకన్ల చొప్పున పంచేది; ఒక పని తన వంతులో మొండికేస్తే మిగతావి చూస్తూ కూర్చోవాలి. ఆ మొండితనం డ్యుయల్ కోర్‌తో పోయింది. ఏ బెంచ్‌మార్క్ అంకెలోనూ సరిగ్గా కనిపించని లాభమిది, రోజూ చేతికి తెలిసే లాభం కూడా ఇదే.

అయితే ఇక్కడొక షరతుంది. ఆ రెండు పనులూ ప్రాసెసర్ కోసమే పోటీపడుతుండాలి. డిస్క్ కోసం పోటీపడితే రెండో కోర్ ఏమీ చెయ్యలేదు. అప్పటి 5400 ఆర్‌పీఎం డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 11.1 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున 5.6. తల ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కు జరగడానికి సుమారు 12. రెండూ కలిపితే సెకనుకు యాభై ఏడు చోట్ల మాత్రమే చదవగలదు. 512 మెగాబైట్ల ర్యామ్‌తో అమ్మిన డ్యుయల్ కోర్ మెషిన్లు చాలా ఉన్నాయి. 2007 జనవరి 30న వచ్చిన విండోస్ విస్టా వాటిలోకి ఎక్కాక ర్యామ్ చాలక నిరంతరం డిస్క్ మీదికి పేజీలు తోస్తూ రెండు కోర్‌లనూ ఖాళీగా కూర్చోబెట్టేది. ఆ మెషిన్ల మీద డబ్బు పెట్టాల్సి వస్తే ముందు ర్యామ్ 2 గిగాబైట్లకు పెంచడం, తరవాత డిస్క్ మార్చడం, చివరికే ప్రాసెసర్ సంగతి. ఈ వరస తిరగేసినవాళ్లకు తేడా పెద్దగా కనిపించదు.

వేడి సంగతి ఇంకొకటి. 31 వాట్లు రెండు కోర్‌లూ పూర్తిగా పనిచేసినప్పటి మాట. మామూలు వాడకంలో ఆ స్థితి అరుదు కాబట్టి ఫ్యాన్ రెక్కలకూ రాగి జల్లెడకూ మధ్య దుమ్ము పేరుకున్నా ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. ఒకరోజు వీడియో ఎన్‌కోడింగ్ పెడితే అయిదారు నిమిషాలకు వేగం హఠాత్తుగా పడిపోతుంది. చిప్ ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు చేరి తనను తాను కాపాడుకోవడానికి క్లాక్ తగ్గించుకుందన్నమాట. బయటినుంచి గాలి ఊదితే దుమ్ము ఇంకా లోపలికి పోయి ఇరుక్కుంటుంది. ఫ్యాన్ విప్పి, జల్లెడకు ఆనుకుని ఉన్ని ముక్కలా పట్టిన దుమ్మును పట్టకారుతో తియ్యాలి.

సాఫ్ట్‌వేర్ తడబాటు

రెండు కోర్‌లు వచ్చాక అప్పటిదాకా బాగా నడిచిన ప్రోగ్రామ్‌లు కొన్ని ఊరకే కుప్పకూలడం మొదలైంది. ఒక లెక్కింపును దగ్గరినుంచి చూద్దాం. ఒక చోట 100 అన్న సంఖ్య ఉంది. రెండు థ్రెడ్‌లు దానికి ఒక్కోటి చొప్పున కలపాలి, ఫలితం 102 రావాలి. కలపడమంటే ప్రాసెసర్‌కు మూడు అడుగులు: చదవడం, ఒకటి కలపడం, తిరిగి రాయడం. మొదటి కోర్ 100 చదివింది. అది రాసేలోపే రెండో కోర్ కూడా 100 చదివింది. రెండూ 101 రాశాయి. ఒక లెక్క గల్లంతు. సింగిల్ కోర్‌లోనూ ఈ తప్పుకు ఆస్కారం ఉంది, కానీ సరిగ్గా ఆ మూడు అడుగుల మధ్యే వంతు మారాలి. లక్షల్లో ఒకసారి జరిగేది. రెండు కోర్‌లు నిజంగా ఒకేసారి నడిచేసరికి అది రోజూ జరిగే పనైంది. డ్రైవర్‌లో ఇలాంటి లోపముంటే విండోస్ ఆగిపోయి నీలి తెర. తాళం వేసి ఒక్కొక్కరినే లోపలికి పంపే పద్ధతి ఎప్పటినుంచో ఉన్నదే, సర్వర్లకు రాసేవాళ్లకు అలవాటే. ల్యాప్‌టాప్‌కు రాసేవాళ్లకు మాత్రం అప్పుడే తప్పనిసరి అయింది.

ఆటలకు ఇంకో చిక్కు. ప్రతి కోర్‌కూ సొంత క్లాక్ లెక్కింపు ఉంటుంది. కొన్ని ఆటలు కాలాన్ని దానితోనే కొలిచేవి. ఏఎండీ డ్యుయల్ కోర్‌లలో కోర్‌లు విద్యుత్ పొదుపు స్థితుల్లోకి వెళ్లొచ్చేసరికి ఈ రెండు లెక్కింపులకూ పొంతన తప్పేది. ఆట ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు మారగానే కాలం వెనక్కి నడిచినట్టయి బొమ్మలు కుదుపులతో కదిలేవి. ఏఎండీ దీనికోసం డ్యుయల్ కోర్ ఆప్టిమైజర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇచ్చింది. అది లేనప్పుడు టాస్క్ మేనేజర్‌లో ఆట పేరు మీద కుడి క్లిక్ చేసి, సెట్ అఫినిటీలో సీపీయూ 1 దగ్గరి టిక్ తీసేస్తే ఆట ఒకే కోర్ మీద నిలకడగా నడిచేది.

కోర్ సోలో తీసి కోర్ డ్యుయో బిగించినవారికి ఎక్స్‌పీలో రెండో కోర్ కనిపించకపోవడం మరో ఫిర్యాదు. ఎక్స్‌పీని ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ప్రాసెసర్ ఒకటా, రెండా అన్నది చూసి దానికి తగ్గ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) వేస్తుంది. తరవాత చిప్ మారితే డివైస్ మేనేజర్‌లో కంప్యూటర్ అన్న చోట ఏసీపీఐ మల్టీప్రాసెసర్ రకానికి మార్చి రీబూట్ చెయ్యాలి. ఎక్స్‌పీ హోమ్ ఒకే ప్రాసెసర్‌కు పరిమితమన్న మాట నిజమే కానీ అది సాకెట్ల లెక్క. ఒకే చిప్‌లోని రెండు కోర్‌లకు అడ్డు కాదు.

అసలు లోటు

కోర్ డ్యుయోలో మన్నించలేని లోటు ఒకటుంది: అది 32 బిట్ చిప్, 64 బిట్ సాఫ్ట్‌వేర్ దాని మీద నడవదు. ఏఎండీ ట్యూరియన్ 64 ఎక్స్2 2006 మేలో వచ్చింది. 90 నానోమీటర్లదే, కోర్‌కు కోర్ విడి కాష్, కరెంటు పొదుపులో యోనాకు సరితూగదు. కానీ మొదటి రోజునుంచీ 64 బిట్. జులై నెలాఖరులో ఇంటెల్ తన కోర్ 2 డ్యుయోను ప్రకటించింది. లోపలి పేరు మెరోమ్, 64 బిట్, పైరకాల్లో 4 మెగాబైట్ల కాష్, వేడి 34 వాట్లు. అంటే ఇంటెల్ తొలి డ్యుయల్ కోర్ ల్యాప్‌టాప్ చిప్ పై వరసలో ఏలింది ఏడు నెలలే. ఆపిల్ తన మ్యాక్‌లను ఇంటెల్‌కు మార్చింది సరిగ్గా ఆ 2006 జనవరిలోనే. అప్పుడు వచ్చిన మ్యాక్‌బుక్ ప్రో అక్టోబరుకల్లా కోర్ 2 డ్యుయోకు మారిపోయింది. 2011లో వచ్చిన మ్యాక్ ఓఎస్ ఎక్స్ లయన్ కోర్ 2 డ్యుయో ఉంటేనే ఎక్కింది. ఏడాది మొదట్లో కొన్నవారు ఆగిపోయారు, చివర్లో కొన్నవారు ముందుకు పోయారు. లినక్స్‌లోనూ అంతే: ఉబుంటు 17.10 నుంచి 32 బిట్ డెస్క్‌టాప్ ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది, ఫెడోరా 31 నుంచి 32 బిట్ కెర్నల్ ఆపేసింది.

ఉపశమనం ఏమిటంటే, చాలా మెషిన్లలో చిప్ మార్చుకోవచ్చు. కోర్ డ్యుయో కూర్చునే సాకెట్ ఎంలోనే మొదటి కోర్ 2 డ్యుయోలూ కూర్చుంటాయి: టీ5500, టీ5600, టీ7200, టీ7400, టీ7600. మూడు షరతులు. చిప్‌సెట్ 945జీఎం లేదా 945పీఎం అయివుండాలి. 940జీఎంఎల్ 533 బస్ దాటదు. బయాస్ (మెషిన్‌ను మేల్కొలిపే తొలి ప్రోగ్రామ్) కొత్త చిప్‌ను గుర్తుపట్టాలి, కాబట్టి పాత చిప్ ఉండగానే బయాస్ అప్‌డేట్ చెయ్యాలి. చిప్ మార్చాక తెర వెలగకపోతే అప్‌డేట్‌కు దారే ఉండదు. మూడోది, చిప్ సాకెట్‌లో ఉండాలి. సన్నని మోడళ్లలో నేరుగా బోర్డుకే అతికించేస్తారు. 2007 మేలో వచ్చిన 800 మెగాహెర్ట్జ్ బస్ చిప్‌లు, టీ7300, టీ7500 లాంటివి, సాకెట్ పీవి. పిన్‌ల అమరిక వేరు, ఇందులో పట్టవు. పేరులో 7 ఉందని కొనేస్తే నష్టమే.

పని ఇలా సాగుతుంది. చార్జర్, బ్యాటరీ తీసి పవర్ బటన్ అయిదు సెకన్లు నొక్కి ఉంచాలి. హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అంకెలుంటాయి. విప్పేటప్పుడు 4 నుంచి వెనక్కి, బిగించేటప్పుడు 1 నుంచి ముందుకు, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా. సాకెట్ మూలలో చిన్న స్క్రూ ఉంటుంది. బల్లపరుపు మొన స్క్రూడ్రైవర్‌తో అర చుట్టు తిప్పితే తాళం వదులుతుంది, చిప్ చేతికి తేలిగ్గా వచ్చేస్తుంది. రాకపోతే తాళం వదల్లేదన్నమాట, బలం వాడకూడదు. డెస్క్‌టాప్ చిప్‌లకున్న లోహపు మూత వీటికి లేదు. నడుమ అద్దంలా మెరిసే సిలికాన్ పైకే ఉంటుంది. హీట్‌సింక్‌ను ఒక పక్క ముందు బిగిస్తే దాని అంచు విరుగుతుంది, అక్కడితో చిప్ పని సరి. అంకెల వరస పాటించమనేది అందుకే. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బియ్యపుగింజంత పెట్టాలి. ఎక్కువ పెడితే చల్లదనం పెరగదు, పేస్ట్ పొర మందమై వేడి ఇంకా నిలుస్తుంది. ఒకటి మర్చిపోకూడదు: 945 చిప్‌సెట్‌కు 64 బిట్ చిప్ పెట్టినా, 4 గిగాబైట్ల ర్యామ్ వేసినా, వాడుకోగలిగేది 3 గిగాబైట్లకు కాస్త పైన మాత్రమే. మిగిలిన చిరునామాలు పరికరాలకు పోతాయి, వాటిని పైకి జరిపే ఏర్పాటు ఆ చిప్‌సెట్‌లో లేదు.

సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల పాత ల్యాప్‌టాప్ చేతికొచ్చినప్పుడు అరచేతి చోటున్న స్టిక్కర్‌ను నమ్మి లాభం లేదు. లోపలి చిప్ ఎప్పుడో మారి ఉండొచ్చు. పేరులో మొదటి అక్షరం వేడి తరగతి: టీ అంటే 25 నుంచి 49 వాట్ల మధ్య, ఎల్ అంటే 15 నుంచి 24, యూ అంటే అంతకన్నా తక్కువ. తరవాతి అంకె 1 అయితే కోర్ సోలో, 2 అయితే కోర్ డ్యుయో, 5 లేదా 7 అయితే కోర్ 2 డ్యుయో. పెంటియం డ్యుయల్ కోర్ పేరుతో 2007లో వచ్చిన టీ2060, టీ2080లు పేరుకు కొత్తవైనా లోపలున్నది 1 మెగాబైట్ కాష్ మిగిల్చిన యోనాయే, కాబట్టి 32 బిట్టే. లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టి సీపీయూ వివరాల్లో ఎల్ఎం అన్న జెండా ఉందేమో వెతికితే ఒక్క నిమిషంలో తేలుతుంది. ఆ రెండక్షరాలు ఉంటే 64 బిట్, లేకపోతే ఆ మెషిన్‌కు అడిగే ధరలో ర్యామ్, డిస్క్‌ల విలువ తప్ప ఇంకేమీ కట్టనక్కర్లేదు.